పెట్రోలు పంపు మళ్ళీ మళ్ళీ పోతోందా? ముందు తీగలు చూడండి

కొత్త పంపు వేసిన కొన్ని నెలలకే కారు మళ్ళీ ఆగిపోతే, ఇంకో పంపు కొనే ముందు ఒక్క పని చేయండి. పంపు తిరుగుతుండగా దాని దగ్గర వోల్టేజి కొలవండి. ఎన్నిసార్లు చెప్పినా ఇది వదిలేసి నేరుగా స్పేర్ పార్టుల దుకాణానికే వెళతారు. ట్యాంకులోనే పంపు ఉండే పెట్రోలు ఇంజెక్షన్ కార్ల గురించి చెబుతున్నాను. ఫ్యూజు, రిలే (పంపుకు కరెంటు కలిపే స్విచ్చి) చూడటం, ట్యాంకు మీద పంపు బిగించిన మూత విప్పే ముందు బ్యాటరీ తీగ తీయడం మీకు తెలిసే ఉంటుంది.

బండి వేడెక్కాక ఆగుతోంది, చల్లారాక కదులుతోంది

ట్యాంకులోని పెట్రోలే పంపును చల్లబరుస్తుంది. ఎప్పుడూ రిజర్వులోనే నడిపితే ఏ కంపెనీ పంపైనా కాలిపోతుంది. సీఎన్‌జీ కిట్టు బిగించుకుని ట్యాంకులో రెండు లీటర్లే ఉంచేవారిదీ ఇదే కథ; కొన్ని కిట్లలో గ్యాసు మీద నడుస్తున్నా పంపు తిరుగుతూనే ఉంటుంది. పావు ట్యాంకుకు తగ్గనివ్వకండి.

పంపు కూత పెడుతోంది, ఎత్తు ఎక్కేటప్పుడు లాగడం లేదు

పంపు మూతి దగ్గరి జల్లెడ పూడుకుపోయింది. ట్యాంకు కడగకుండా పంపు మాత్రం మారిస్తే కొత్తదీ అదే మడ్డి తాగుతుంది. ట్యాంకు దించి కడిగించండి, జల్లెడా ఫిల్టరూ మార్చండి.

ట్యాంకు శుభ్రంగానే ఉంది, అయినా ప్రెషర్ తక్కువ, స్టార్టు కావడానికి చాలాసేపు పడుతోంది

అసలు దొంగ దొరికేది ఇక్కడే. మెకానిక్ పంపు కనెక్టర్ ఊడదీసి మీటరు పెడతాడు. 12 వోల్టులు కనబడతాయి. 'కరెంటు బాగానే వస్తోంది, పంపే పోయింది' అని తేల్చేస్తాడు. కానీ కనెక్టర్ ఊడదీశాక ఆ తీగలో కరెంటు పారదు. ఒక్క పోగు మీద వేలాడే తీగైనా, తుప్పు పట్టిన ఎర్త్ (కరెంటు బాడీ ద్వారా బ్యాటరీకి తిరిగి వెళ్ళే దారి) అయినా అప్పుడు నిండు వోల్టేజే చూపిస్తుంది. పంపు కొన్ని ఆంపియర్లు లాగడం మొదలుపెట్టాకే దాని బండారం బయటపడుతుంది: అక్కడ 9 వోల్టులే మిగులుతాయి, పంపు నెమ్మదిస్తుంది, ప్రెషర్ పడిపోతుంది.

కనెక్టర్ తగిలించే ఉంచి, వెనకవైపు నుంచి మీటరు సూది దూర్చండి. తాళం తిప్పితే పంపు రెండు మూడు సెకన్లే తిరుగుతుంది కాబట్టి ఇంజను ఆన్ చేయండి. స్టార్టు కాకపోతే రిలే తీసి, దాని సాకెట్లో 30, 87 కాళ్ళు దూరే గుంతలను ఫ్యూజు ఉన్న తీగతో కలపండి. మీటరు ఒక కొస బ్యాటరీ నెగటివ్ మీద, రెండోది పంపు ఎర్త్ పిన్ను మీద పెట్టండి. 0.2 వోల్టు దాటితే ఎర్త్ చెడినట్టే. పాజిటివ్ వైపూ ఇలాగే, బ్యాటరీ పాజిటివ్‌కూ పంపు పాజిటివ్ పిన్నుకూ మధ్య చూడండి. అక్కడ అర వోల్టు దాటకూడదు. కంప్యూటర్ పంపు వేగాన్ని నియంత్రించే కొత్త కార్లలో ఈ అంకెలను నమ్మకండి, పంపును నడిపే కంట్రోల్ మాడ్యూల్‌కు వచ్చే సరఫరాను కొలవండి.

ఎర్త్ బోల్టు సాధారణంగా వెనక సీటు చుట్టుపక్కల, కార్పెట్ కింద ఉంటుంది. నీళ్ళు దిగితే ముందు తుప్పు పట్టేది అదే. విప్పి, మెరిసేదాకా గీకి బిగించండి. తరువాత పంపు మూత మీది కనెక్టర్ చూడండి. పిన్ను గోధుమరంగుకు తిరిగి, చుట్టూ ప్లాస్టిక్ కరిగి ఉంటే కారణం దొరికినట్టే. అరిగిన పాత పంపు ఎక్కువ కరెంటు లాగి ఆ పిన్నును మాడ్చింది. పట్టు తప్పిన అదే పిన్నుకు కొత్త పంపు తగిలించారు. గీకి సరిపెట్టకండి. తీగ ముక్కతో సహా కొత్త కనెక్టర్ వేయించండి, రిలేనూ మార్చండి. ఆ తరువాత తీసేసిన 'చెడిపోయిన' పంపును మళ్ళీ పెట్టి ప్రెషర్ చూడండి. చాలాసార్లు అది బతికే ఉంటుంది.

మిగతావి

పెట్రోలు ప్రెషర్‌ను అదుపులో ఉంచే రెగ్యులేటర్ పాడవడం, పైపు నొక్కుకుపోవడం అరుదు. ప్రెషర్ గేజి పెడితే తెలిసిపోతాయి. నకిలీ పంపులున్నాయి, బిల్లు లేకుండా కొనకండి. ఇప్పుడు అందరూ ఈ20 పెట్రోలును (20 శాతం ఇథనాల్ కలిపినది) తిడుతున్నారు. ఇథనాల్ నీటిని పీల్చుకుంటుంది కాబట్టి నెలల తరబడి కదలని బండిలో ట్యాంకు అడుగున నీరుందేమో చూడవచ్చు. రోజూ తిరిగే బండిలో మాత్రం ఆ అనుమానానికి మీటరు పెట్టాకే రండి.