హాస్కెల్ నేర్చుకుందాం – 7వ భాగం: కంపైలర్ మార్చాక ప్యాకేజీలు మొండికేస్తే

పోయిన భాగంలో హాస్కెల్ కంపైలర్ జీహెచ్‌సీ 9.2 నుంచి 9.6కి మారాం. ఆ తర్వాత క్యాబల్ (ప్యాకేజీలు తెచ్చి ప్రాజెక్టును బిల్డ్ చేసే సాధనం) బిల్డ్ కొడితే తెర నిండా ఎర్రక్షరాలు వచ్చాయా? టెన్షన్ పడి ఏదీ డిలీట్ చేయకండి. పాత కంపైలర్ మీ దగ్గరే ఉంది. డబ్ల్యూ ఫ్లాగ్‌తో పాత జీహెచ్‌సీ పేరు ఇస్తే ప్రాజెక్టు మునుపటిలాగే బిల్డ్ అవుతుంది. ముందు అది చూసుకోండి, మనసు కుదుటపడుతుంది.

ఇప్పుడు ఆ ఎర్రర్‌లో ‘రిజెక్టింగ్’ అనే మాట ఉన్న మొదటి వరుస వెతకండి. చాలాసార్లు అక్కడ బేస్ (హాస్కెల్ మూల లైబ్రరీ) పేరు కనిపిస్తుంది: ఇన్‌స్టాల్ అయి ఉన్నది 4.18, ఫలానా ప్యాకేజీకి కావలసింది 4.17 కంటే తక్కువ. బేస్ కంపైలర్‌తో కలిసే వస్తుంది. 9.2తో 4.16, 9.6తో 4.18. దాన్ని విడిగా పాతదానికి మార్చుకోలేం. కాబట్టి సర్దుకోవలసింది ఆ ‘ఫలానా ప్యాకేజీ’యే.

అది ఎవరిదో చూడండి. చాలామంది ఇక్కడే పొరబడతారు. 9.2 ఉన్నప్పుడు, ప్రాజెక్టు మొదలుపెట్టే క్యాబల్ ఇనిట్ మీ .క్యాబల్ ఫైల్లో బేస్‌కు రాసిపెట్టిన వెర్షన్ హద్దు కూడా 4.17 దగ్గరే ఆగిపోతుంది. అంటే అడ్డు మీ సొంత ఫైలే కావచ్చు. అలాగైతే హద్దు పెంచితే చాలు. ఫ్రీజ్ ఫైల్ (ప్యాకేజీల వెర్షన్లను ఉన్నవి ఉన్నట్టు బిగించే ఫైల్) ఉన్నా ఇదే కథ. నేనొకసారి ఒక పూట పొద్దంతా వేరేవాళ్ల ప్యాకేజీలను అనుమానిస్తూ కూర్చున్నాను. తీరా చూస్తే నా ఫ్రీజ్ ఫైల్లోనే బేస్ 4.16.4.0 అని బిగించి ఉంది. దాన్ని పక్కకు జరపగానే దారి తెరుచుకుంది.

అడ్డు వేరేవాళ్లదైతే ముందు ‘క్యాబల్ అప్‌డేట్’ ఆదేశంతో ప్యాకేజీల జాబితాను తాజా చేయండి. హాస్కెల్ ప్యాకేజీలు ఉండే హ్యాకేజ్‌లో కొత్త వెర్షన్ విడుదల చేయకుండానే పాతదాని హద్దులు సవరించే వీలుంది. ఆ సవరణ మీదాకా రాకపోయి ఉండొచ్చు.

అప్పటికీ కాకపోతే క్యాబల్.ప్రాజెక్ట్ ఫైల్లో అలౌ-న్యూయర్ (పై హద్దును పట్టించుకోవద్దని చెప్పే అమరిక) వాడాలి. కానీ అన్నిటికీ కలిపి తలుపులు బార్లా తెరవకండి. ఆ ఒక్క ప్యాకేజీ పేరు, కోలన్, బేస్ అని మాత్రమే రాయండి. హద్దు అంటే రచయిత ‘ఇక్కడిదాకా నేను పరీక్షించాను’ అని చెప్పడం. దాన్ని దాటుతున్నామంటే ఆ పరీక్ష మనం చేయాలి.

దాటాక కోడ్ నిజంగానే విరగొచ్చు. 9.6తో ఎమ్‌టీఎల్ (కంట్రోల్.మొనాడ్.స్టేట్ లాంటి మాడ్యూళ్లు ఉండే ప్యాకేజీ) 2.3.1 వస్తుంది. పాత 2.2.2లో కంట్రోల్.మొనాడ్.స్టేట్‌ను ఇంపోర్ట్ చేస్తే వెన్, అన్‌లెస్, ఫరెవర్ వంటి ఫంక్షన్లు దాని వెంటే వచ్చేవి. 2.3 నుంచి రావు. ‘వేరియబుల్ నాట్ ఇన్ స్కోప్: వెన్’ అని కనబడితే లాజిక్‌లో తప్పు వెతకొద్దు. ఆ ఫైల్ పైన కంట్రోల్.మొనాడ్ ఇంపోర్ట్ ఒక్క వరుస చేర్చండి. పాత కంపైలర్‌తోనూ అది పనిచేస్తుంది.

ఈ వారం అభ్యాసం: నాలుగో భాగంలో రాసిన చిట్టా ప్రోగ్రామ్‌ను 9.6తో బిల్డ్ చేయండి. ఎర్రర్ వస్తే రిజెక్టింగ్ వరుసను నోట్‌బుక్‌లో రాసుకుని, అడ్డు మీ ఫైలా, ఫ్రీజా, బయటి ప్యాకేజీనా అన్నది దాని పక్కనే రాయండి. సవరణ ఆ తర్వాతే. ఎనిమిదో భాగాన్ని ఆ నోట్‌బుక్ తెరిచే మొదలుపెడదాం.