సెస్ కరెంటు మీద ఫిర్యాదా? ముందు ఎవరికి రాయాలో తేల్చుకోండి

సిరిసిల్ల సెస్ (సహకార విద్యుత్ సరఫరా సంఘం) 1970లో మొదలైంది. కరెంటు కొనేదీ సభ్యులే, సంఘం వాళ్లదే. అందుకే దానిపై ఇద్దరి పర్యవేక్షణ ఉంటుంది. వాటాలు, పాలకవర్గం, ఆడిట్, డబ్బుల లెక్కలు 1964 సహకార చట్టం కింద రిజిస్ట్రార్ చూస్తారు. రేటు, మీటరు, కనెక్షన్ కోత 2003 విద్యుత్ చట్టం కిందికి, అంటే ఈఆర్‌సీ (రాష్ట్ర విద్యుత్ నియంత్రణ మండలి) పరిధిలోకి వస్తాయి. రెండూ కలిపి ఒకే కాగితం మీద రాస్తే ఎవరికి వారు "మాది కాదు" అంటారు. విడివిడిగా రాయండి.

ఎక్కువగా వచ్చేది బిల్లు తగాదా. మరమగ్గాల షెడ్డుకు నెలకు 6,000 వచ్చేది ఒక్కసారిగా 40,000 వచ్చిందనుకోండి. కోపంతో కట్టడం మానేయకండి, అక్కడే కేసు చెడుతుంది. విద్యుత్ చట్టం సెక్షన్ 56 ప్రకారం అడిగిన మొత్తం, గత ఆరు నెలల సగటు, ఈ రెండింట్లో ఏది తక్కువైతే అది "అభ్యంతరంతో కడుతున్నాను" అని రాసి కడితే, తగాదా తేలేదాకా కనెక్షన్ కోయకూడదు. ఆ మాట రాతలో ఉండాలి, నకలు మీద ముద్ర వేయించుకోవాలి. అసలు కోయాలన్నా 15 పూర్తి రోజుల రాత నోటీసు ఇవ్వాలి. పాత బకాయి అయితే, కట్టాల్సిన తేదీ నుంచి రెండేళ్లు దాటాక వసూలు కుదరదు. ప్రతి బిల్లులో బకాయిగా చూపిస్తూ వచ్చుంటే మాత్రం తప్పించుకోలేరు. కాబట్టి పాత బిల్లులు పారేయకండి.

ఫిర్యాదులో సర్వీసు నంబరు, మీటరు నంబరు, రీడింగు తేదీ, మీటరు ఫొటో పెట్టండి. ముందు సంఘం ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోండి. అక్కడ తేలకపోతే విద్యుత్ వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార ఫోరం, ఆపైన ఫోరం తీర్పు మీద ఫిర్యాదు వినే విద్యుత్ అంబుడ్స్‌మన్.

దొంగ కరెంటు, అనధికార వాడకం కేసులు ఫోరం వినదు. అనధికార వాడకానికి ఇంత కట్టాలని సెక్షన్ 126 కింద తుది ఉత్తర్వు వచ్చిందంటే 30 రోజుల్లో అప్పీలు వేయాలి, అదీ ఉత్తర్వులో లెక్కగట్టిన మొత్తంలో సగం ముందు కట్టాకే. చిన్న షెడ్డు యజమానికి ఇది భారమే. అందుకే మొదటి నోటీసు రాగానే జవాబివ్వండి.

ఇక సంఘానికి కరెంటు పంపిణీ లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చేది ఈఆర్‌సీయే, సెక్షన్ 13 కింద, షరతులతో. ఆ విషయం మీద గానీ రేట్ల మీద గానీ అభ్యంతరాలు కోరినప్పుడు పత్రం చివర "విచారణలో మాట్లాడతాను" అని రాయడం మరవకండి.