పాత థింక్‌ప్యాడ్ ఎక్స్220 వేడెక్కిపోతుంటే ఏం చేయాలి?

2011లో వచ్చిన లెనోవో ల్యాప్‌టాప్ ఎక్స్220ని ఇప్పటికీ వాడేవాళ్లున్నారు. పన్నెండున్నర అంగుళాల ఆ చిన్న మెషీన్‌లో 35 వాట్ల ప్రాసెసర్, దాన్ని చల్లబరచడానికి ఒకే ఒక్క ఫ్యాన్. హోరు ఎక్కువైందని చాలామంది ముందుగా కూలింగ్ ప్యాడ్ కొంటారు. ఆ డబ్బు అప్పుడే ఖర్చు పెట్టకండి, అసలు కారణం సాధారణంగా లోపలే ఉంటుంది.

మొదట ప్రాసెసర్ వేడి కొలవండి. హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ఉచిత ప్రోగ్రామ్ వేసుకుని, ఖాళీగా ఉన్నప్పుడు ఎంత, బరువైన పని పెట్టినప్పుడు ఎంత అన్నది రాసుకోండి. ఖాళీగా 50 డిగ్రీలు, పనిలో 85 దాకా ఉంటే కంగారు అక్కర్లేదు. ఇందులో ఎక్కువగా కనిపించే ఐ5-2520ఎం చిప్‌కి (అంటే ప్రాసెసర్‌కి) హద్దు 100 డిగ్రీలు. అక్కడికి చేరితే అదే వేగం తగ్గించుకుంటుంది. గది వేడి పెరిగితే ఈ అంకె కూడా దాదాపు అంతే పెరుగుతుంది కాబట్టి, రోహిణి కార్తె మధ్యాహ్నం చూసినదాన్ని డిసెంబరు అంకెతో పోల్చకండి.

తర్వాత పైసా ఖర్చులేని పని. విండోస్ పవర్ ఆప్షన్స్‌లో మాగ్జిమమ్ ప్రాసెసర్ స్టేట్‌ని 99 శాతం చేయండి. టర్బో (అవసరమైనప్పుడు చిప్ వేగాన్ని పెంచే ఏర్పాటు) ఆగిపోయి, 3.2 గిగాహెర్ట్జ్ దాకా ఎగబాకే చిప్ 2.5 దగ్గరే ఉండిపోతుంది. బ్రౌజర్, వర్డ్ వాడకంలో తేడా పెద్దగా తెలియదు. అండర్‌వోల్టింగ్ (చిప్‌కి అందే వోల్టేజీ తగ్గించడం) చేయమని ఎవరైనా చెబితే పట్టించుకోకండి, ఈ తరం ల్యాప్‌టాప్ చిప్‌లలో ఆ వెసులుబాటు లేదు.

అసలు శత్రువు దుమ్ము. ఫ్యాన్‌కీ, వేడిగాలి బయటికి పోయే రాగి రెక్కలకూ మధ్య అది అట్టకట్టి గాలిని ఆపేస్తుంది. బయటి నుంచి బ్లోయర్ కొడితే కొంత పోతుంది గానీ, మిగతాది మళ్లీ లోపలికే చేరుతుంది. విప్పి తీయడమే మేలు. చార్జర్ పీకి, బ్యాటరీ తీసేసి మొదలుపెట్టండి. లెనోవో మెయింటెనెన్స్ మాన్యువల్ నెట్‌లో ఉచితంగా దొరుకుతుంది, ఏ స్క్రూ ఎక్కడిదో అందులో బొమ్మలతో సహా ఉంది. గాలి కొట్టేటప్పుడు ఫ్యాన్ తిరగకుండా చీపురుపుల్ల అడ్డం పెట్టండి, లేకపోతే బేరింగ్ దెబ్బతింటుంది.

అంతదాకా విప్పాక, చిప్‌కీ దాని వేడిని లాగే లోహపు పలకకీ మధ్య ఉండే థర్మల్ పేస్ట్ కూడా మార్చేయండి. ఎండిపోయిన పాతదాన్ని ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, మినపగింజంత కొత్తది పెడితే చాలు. ఎక్కువ పూస్తే పక్కలకు కారడం తప్ప లాభం లేదు. ఆ పలక స్క్రూలు ఒక్కొక్కటే పూర్తిగా బిగించకుండా, ఎదురెదురువి కొంచెం కొంచెంగా బిగించండి.

ఫ్యాన్ గరగరమంటోందా? బేరింగ్ అరిగిందన్నమాట. మళ్లీ విప్పే పని లేకుండా, పేస్ట్ మార్చే రోజే కొత్త ఫ్యాన్ కూడా వేయించుకోండి.