తొలకరికి ముందే: లారీలు, బైకుల మధ్య సైకిల్ తొక్కేవాళ్లకు జాగ్రత్తలు

హైదరాబాద్‌కు నైరుతి వానలు జూన్ రెండో వారానికి అటూ ఇటూగా వస్తాయి. పేపర్లు, పాలు వేసేవాళ్లు, వాచ్‌మన్‌లు, కట్టడాల కూలీలు, వ్యాయామానికి తొక్కేవాళ్లు... ఎవరైనా సరే, మే నెలాఖరుకే సైకిల్‌నీ దారినీ ఒకసారి చూసుకోవాలి. వాన మొదలయ్యాక లారీ అద్దాలు మసకబారతాయి, బైకు నడిపేవాళ్ల హెల్మెట్ గ్లాసు మీద నీళ్లు నిలుస్తాయి, సైకిల్ బ్రేకులు ఆలస్యంగా పట్టుకుంటాయి. ఈ మూడూ ఒకేసారి జరుగుతాయి.

లారీకి ఎడమ పక్కన ఉండొద్దు

అన్నిటికన్నా ముందు తెలుసుకోవాల్సింది ఇదే. మన లారీల్లో స్టీరింగ్ కుడివైపు, సీటు బాగా ఎత్తులో. క్లీనర్ సైడు తలుపు కింద ఉన్న జాగా, ముందు బంపర్‌కి ఆనుకుని ఉన్న జాగా డ్రైవర్‌కి కిటికీలోంచి కనబడవు, అద్దంలోనూ సరిగ్గా పడవు. సైకిల్ మీద ఉన్న మనిషి తల ఆ కిటికీ అంచు కంటే కిందే ఉంటుంది. క్లీనర్ లేని బండి అయితే ఆ పక్క తొంగి చూసి ‘ఆగు’ అనేవాళ్లే ఉండరు.

పొడవాటి లారీ ఎడమకు తిరగాలంటే ముందు కాస్త కుడికి జరుగుతుంది. అప్పుడు ఎడమ పక్క దారి దొరికినట్టు కనిపిస్తుంది. అందులోకి దూరారా, చిక్కుకున్నట్టే. వెనక చక్రాలు ముందు చక్రాల జాడలో రావు, మలుపు లోపలికి కోసుకుంటూ ఫుట్‌పాత్ అంచు దాకా వస్తాయి. క్యాబిన్ దాటిపోయింది కదా అని ఊపిరి పీల్చుకునే లోపే వెనక చక్రాలు మీదికి వస్తాయి. ట్రెయిలర్‌ది ఇంకా పెద్ద కోత. ఇండికేటర్ వేయలేదు కాబట్టి తిరగదులే అనుకోవద్దు. వేసినా మట్టి పట్టి కనబడనివి బోలెడు.

ఒక గుర్తు పెట్టుకోండి: లారీ అద్దంలో మీకు డ్రైవర్ ముఖం కనబడకపోతే, మీరూ అతనికి కనబడటం లేదు. కనబడినంత మాత్రాన అతను చూశాడనీ కాదు.

సిగ్నల్ దగ్గర లారీ పక్కగా ముందుకు పాకకుండా దాని వెనకే, లేన్ మధ్యలో ఆగండి. మీరు ముందే ఆగి ఉండగా లారీ వచ్చి పక్కన నిలబడితే మొహమాటపడొద్దు, దిగి సైకిల్‌ని ఫుట్‌పాత్ మీదికి ఎక్కించండి. లారీ కదిలి, చివరి చక్రం కూడా వెళ్లిపోయాకే దిగండి. తిన్నగా వెళ్లాల్సినవాళ్లు ఫ్రీ లెఫ్ట్ దారిలో ఆగితే వెనక నుంచి హారన్ల మోత, ఆపైన ఎడమకు తిరిగే బస్సు కింద పడే ప్రమాదం. కూడలికి ముందే ఆ దారి వదిలి తిన్నగా పోయే లేన్‌లోకి రావాలి. అంత రద్దీలో జరగలేమనిపిస్తే జీబ్రా గీతల మీద సైకిల్ నడిపించుకుంటూ దాటండి. అందులో నామోషీ ఏమీ లేదు.

పగలు భారీ వాహనాలకు నగరంలో ఆంక్షలు ఉంటాయి కాబట్టి ఇసుక, కంకర టిప్పర్లు రాత్రీ తెల్లవారుజామునా ఎక్కువగా తిరుగుతాయి. పొద్దున్నే రోడ్డు ఖాళీ అని ఐదింటికి బయలుదేరేవాళ్లు ఈ సంగతి గమనించాలి. రాత్రంతా మేలుకున్న డ్రైవర్ ఎదురయ్యే వేళ అదే. సలాకుల లోడుకీ, పైపులు మోసే ట్రాలీ ఆటోకీ మరీ దగ్గరగా వెనక పోవద్దు. మీరు 20 కిలోమీటర్ల వేగంతో పోతుంటే, బ్రేకు నొక్కాలని తోచేలోపు ఒక్క సెకను గడిచినా అయిదున్నర మీటర్లు ముందుకు వెళ్లిపోతారు.

బైకులతో

లారీతో భయం ఎడమ పక్క అయితే, బైకుతో భయం అటు నుంచి వస్తుందో ఇటు నుంచి వస్తుందో తెలియకపోవడం. రోడ్డు అంచుకు ఆనుకుని తొక్కితే క్షేమమని చాలామంది అనుకుంటారు. నిజానికి అక్కడే ఇసుక, గాజుముక్కలు, కాలువ జాలీలు ఉంటాయి. పైగా మీకూ కారుకూ మధ్య సందు ఉందని బైకు అందులోంచి దూరుతుంది. అంచుకు కనీసం మూడడుగులు, ఆగి ఉన్న కార్లకు అంతకంటే కాస్త ఎక్కువ వదలండి. తలుపు తెరిచేవాళ్లు వెనక్కి చూడరు.

గుంత కనబడగానే చటుక్కున కుడికి కోయడం వల్ల జరిగే ప్రమాదాలు ఎన్నో. గంటకు 50 కిలోమీటర్లతో వచ్చే బైకు సెకనుకు సుమారు 14 మీటర్లు దాటేస్తుంది. కాబట్టి ఇరవై మీటర్ల ముందే గుంతను గుర్తించి, వెనక్కి చూసి, చెయ్యి చాపి, మెల్లగా జరగండి. వీలుకాకపోతే వేగం తగ్గించి గుంతలోంచే పోనివ్వండి. రిమ్ము వంగితే బాగుచేయించుకోవచ్చు. రాంగ్ రూట్‌లో మాత్రం నాలుగడుగులైనా వద్దు: సందులోంచి ఎడమకు తిరిగే బైకు కుడివైపే చూస్తుంది, మీరు రెండోవైపు నుంచి వస్తారు.

తడి రోడ్డు

మొదటి వాన మరీ చెడ్డది. వేసవంతా పడ్డ ఆయిలు, డీజిలు, దుమ్ము కలిసి జారుడు పొరగా తేలుతాయి. తెల్ల గీతలు, మ్యాన్‌హోల్ మూతలు, ఫ్లైఓవర్ల మీద అడ్డంగా ఉండే ఇనప పట్టీలు, రెడీమిక్స్ బండ్లు కార్చిన సిమెంటు... వీటి మీద బ్రేకు వేయొద్దు, హ్యాండిల్ తిప్పొద్దు. నీళ్లు నిలిచిన చోట అడుగు కనబడకపోతే దిగి చుట్టూ తిరిగి వెళ్లండి. నీళ్లు లాగడానికి మ్యాన్‌హోల్ మూత తీసి ఉండొచ్చు. మెట్రో పిల్లర్ల పక్క యూటర్న్‌ల దగ్గర పిల్లర్ చాటు నుంచి బండి ముందు చక్రం కనబడేదాకా ఏమీ తెలియదు; అక్కడ వేగం తగ్గించాల్సిందే.

పీవీ ఎక్స్‌ప్రెస్‌వే మీదికి, ఔటర్ రింగ్ రోడ్డు ప్రధాన దారిలోకి సైకిల్‌ను రానివ్వరు. ఔటర్ పక్కన నానక్‌రాంగూడ–పోలీస్ అకాడమీ, నార్సింగి–కొల్లూరు మధ్య 2023లో 23 కిలోమీటర్ల సోలార్ పైకప్పు సైకిల్ ట్రాక్ తెరిచారు. వ్యాయామానికి బాగుంటుంది కానీ, అక్కడికి చేరే సర్వీసు రోడ్ల మీద టిప్పర్లు తిరుగుతూనే ఉంటాయి.

సైకిల్‌కి చేయాల్సినవి

బ్రేకు రబ్బర్ల మీద గాడి అరిగిపోతే మార్చేయండి. రబ్బరులో దిగిన ఇసుక రేణువుల్ని పిన్నుతో పీకేయండి, లేదంటే రిమ్మును గీకేస్తాయి. లివరు గట్టిగా నొక్కినా హ్యాండిల్‌కి తగలకూడదు, మధ్యలో రెండు వేళ్ల సందు ఉండాలి. లివరు దగ్గర బ్రేకు వైరులో ఒక్క పోగు తెగినా కొత్తది వేయించండి. తడిలో రిమ్ము బ్రేకు మొదటి ఒకటి రెండు చుట్లు నీళ్లు తుడవడానికే సరిపోతుంది, అందుకని ముందు నుంచే తేలిగ్గా పట్టి ఉంచుతూ రండి. స్టీలు రిమ్ముల పాత సైకిళ్లకు ఇంకా దూరం పడుతుంది.

టైరు పక్కన అచ్చేసిన గరిష్ఠ పీఎస్‌ఐ (గాలి ఒత్తిడి కొలత) దాకా గాలి కొట్టించొద్దు, వానలో మీ మామూలు గాలి కంటే ఓ 5 పీఎస్‌ఐ తగ్గిస్తే పట్టు బాగుంటుంది. మరీ తగ్గిస్తే గుంతలో ట్యూబు నలిగి పంక్చర్.

లైట్లు ముందు తెల్లది, వెనక ఎర్రది. పగలు వాన పడుతున్నా వెలిగించండి, వెనకది రెయిన్‌కోటు కొస కింద దాక్కోకుండా చూడండి. లైటు కొనలేనివాళ్లకు రేడియం స్టిక్కర్ ఎంతో మేలు: పెడళ్లకు, వెనక మడ్‌గార్డుకు, క్యారేజీకి అంటించండి. పెడల్ మీదది పైకీ కిందికీ కదులుతుంది కాబట్టి దూరం నుంచే సైకిలని తెలిసిపోతుంది.

గొడుగు పట్టుకుని తొక్కొద్దు. వదులు పాంచో చక్రంలో చుట్టుకుంటుంది; కోటూ ప్యాంటూ విడివిడిగా ఉన్నవి మేలు. చున్నీ నడుముకు బిగించాలి, వెనక చక్రానికి చీర గార్డ్ ఉండాలి. సైకిల్‌కి హెల్మెట్ తప్పనిసరని మోటారు వాహనాల చట్టం చెప్పదు, అయినా పెట్టుకోండి. కనుబొమలకు రెండు వేళ్ల పైన ఉండాలి, గడ్డం కింద పట్టీలో ఒక వేలు పట్టాలి. ఒకసారి గట్టిగా దెబ్బ తిన్నది పైకి బాగానే ఉన్నా లోపలి ఫోమ్ నలిగి ఉంటుంది, దాన్ని పక్కన పడేయండి.

దెబ్బ తగిలితే

108కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి, బండి నంబరు ఫొటో తీయండి. మోటారు వాహనం వల్ల గాయపడిన సైకిలిస్టుకు 2025లో వచ్చిన నగదు రహిత చికిత్స పథకం కింద, నిర్దేశిత ఆసుపత్రుల్లో 7 రోజుల దాకా లక్షన్నర రూపాయల వరకు చికిత్స వర్తిస్తుంది. గుద్ది పారిపోయిన బండి దొరకకపోయినా తీవ్ర గాయానికి 50 వేలు, మరణానికి 2 లక్షలు పరిహారం ఉంది. అందుకు పోలీసు కేసు నమోదు కావాలి. కాబట్టి అక్కడికక్కడ రాజీపడి, నాలుగు నోట్లు తీసుకుని ఇంటికి రావొద్దు. తలకు తగిలిన దెబ్బ, కడుపులో దెబ్బ కొన్ని గంటల తర్వాతే బయటపడొచ్చు.