ఆన్ చేయంగానే మాడ్యూల్ ఎందుకు పడిపోతాది? (వైర్‌లెస్ పాఠాలు, 3వ భాగం)

పోయిన భాగంలో, సిమ్‌తో మెసేజ్‌లు పంపే చిన్న మాడ్యూల్ సిమ్800ఎల్‌కి సిమ్ వేసి, యాంటెన్నా పెట్టి, పవర్ ఇచ్చేదాకా వచ్చినాము. చాలామందికి బండి అక్కడే ఆగిపోయుంటాది, లైటు టపటపా ఏడెనిమిది సార్లు కొట్టి ఆగుతాది, మళ్ళీ మొదట్నుంచి కొడతాది, నెట్‌వర్క్ మాత్రం రాదు. ఆ లైటు సుమారు సెకనుకి ఒకసారి కొడతాంటే టవర్ కోసం వెతుకుతాందని, 3 సెకన్లకి ఒకసారి కొడితే దొరికిందని లెక్క. వెతికేది మధ్యలో తెగి మళ్ళీ మొదలయితాంటే మాడ్యూల్ రీసెట్ అయితాందన్నమాట. మాడ్యూల్ పోయిందని కొత్తది కొనేయొద్దండి, ఈ పాఠం అయిపోయేదాకా ఆగండి.

రాప్తాడు దగ్గర మా చిన్నాయనకి చీనీ తోట ఉంది. బోరు మోటార్ నడుస్తాందా లేదా ఫోన్‌కి మెసేజ్ వచ్చేట్టు ఒక పెట్టె చేసిచ్చినా. అనంతపురంలో మా ఇంట్లో వారం రోజులు బ్రహ్మాండంగా పనిచేసింది, తోటలో పెడితే ఒక్క మెసేజ్ రాలే. "ఏమబ్బీ, మీ ఇంట్లో పలికేది మా తోటలో పలకదా?" అన్యాడు చిన్నాయన. మీటర్ పెట్టి చూస్తే 4 వోల్టులు కదలకుండా చూపిస్తాంది. సప్లై బాగానే ఉందని నమ్మి రెండు రోజులు కోడ్‌లో తప్పు వెతికినా, తప్పు కోడ్‌లో లేదు.

బోరు మోటార్ స్టార్ట్ చేసినప్పుడు షెడ్డులో బల్బు ఒక్క క్షణం మసక అయ్యి మళ్ళీ వెలుగుతాది, చూసే ఉంటారు. మోటార్ తిరగడం మొదలయ్యేటప్పుడు మామూలు కరెంటుకి ఐదారు రెట్లు లాగుతాది, ఆ లాగుడికి వైర్లలో వోల్టేజ్ పడిపోతాది. మాడ్యూల్‌లోనూ ఇదే జరుగుతాది, కాకపోతే ఎంత తక్కువసేపంటే కంటికీ ఆనదు, మీటర్‌కీ ఆనదు.

ఇక్కడ రెండు వేర్వేరు స్పైకులు (కరెంటుని ఒక్కసారిగా లాగడాలు) ఉన్నాయి, కలిపేసుకోవద్దు. పవర్ తగిలిన క్షణంలో ఖాళీ కెపాసిటర్లు నిండడానికి ఒక స్పైక్, అది ఒక్కసారి వచ్చి పోతాది. రెండోది మాడ్యూల్ టవర్‌తో మాట్లాడడానికి దాని రేడియో లేచినప్పుడు. మనల్ని ఏడిపించేది ఈ రెండోదే.

జీఎస్ఎమ్‌లో (ఈ మాడ్యూల్ వాడే మొబైల్ నెట్‌వర్క్ పద్ధతి) మాడ్యూల్ ఆపకుండా మాట్లాడదు. 4.615 మిల్లీసెకన్ల ఫ్రేమ్‌ని 8 ముక్కలు చేసి అందులో ఒక ముక్క, అంటే 577 మైక్రోసెకన్లు మాత్రమే మనకిస్తారు. ఆ ముక్కలో సిమ్800ఎల్ 2 ఆంపియర్ల దాకా లాగుతాది, మిగతా ఏడు ముక్కల్లో చాలా తక్కువ. ఇప్పుడు సగటు కట్టండి, 2ని 8తో భాగిస్తే 0.25 ఆంపియర్. మీటర్ సెకనుకి రెండు మూడు సార్లే చదువుతాది కాబట్టి మీకు ఈ సగటే కనపడతాది, 250 మిల్లీఆంపియర్లే కదా 500ది అడాప్టర్ చాలులే అనుకుంటాము, అక్కడే దెబ్బ తింటాము. పైగా కరెంటు కొలవాలని మీటర్‌ని సిరీస్‌లో పెడితే దాని వైర్లు, లోపల కరెంటు కొలిచే చిన్న రెసిస్టర్ (షంట్) కలిసి ఇంకొంచెం వోల్టేజ్ తినేస్తాయి, అప్పుడు మాడ్యూల్ ఇంకా తొందరగా పడిపోతాది.

వైర్ల సంగతి కూడా చూడండి. సన్న జంపర్ వైర్లు, బ్రెడ్‌బోర్డ్ కాంటాక్టులు అన్నీ కలిపి 0.2 ఓమ్ అనుకుందాం. 2 ఆంపియర్లకి 0.4 వోల్ట్ అక్కడే పోతాది. సప్లై దగ్గర 4.0 ఉన్నా మాడ్యూల్ కాళ్ళ దగ్గర 3.6, సప్లై కూడా కొంచెం కుంగితే 3.4 కిందికి జారిపోతాది, దానికి కావాల్సిన కనీసం అదే. మరి టౌన్‌లో ఎట్ల పనిచేసింది? టవర్ దగ్గరుంటే గొంతు తగ్గించుకోమని టవరే మాడ్యూల్‌కి చెప్తాది, తోటలో సిగ్నల్ తక్కువ, ఫుల్ పవర్‌తో అరవాల్సిందే.

దీన్ని చూడడానికి ఆసిల్లోస్కోప్ లేకపోయినా పర్లేదు, ఆర్డునో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు చాలు. దానికి పవర్ మాడ్యూల్ సప్లై నుంచి కాకుండా విడిగా ల్యాప్‌టాప్ నుంచి ఇవ్వండి, గ్రౌండ్లు రెండూ కలపండి, ఏ0 పిన్‌ని మాడ్యూల్ పవర్ కాలికే తాకించండి, సప్లై దగ్గర కాదు. ఆగకుండా అనలాగ్‌రీడ్ (పిన్ మీది వోల్టేజ్‌ని నంబర్‌గా చదివే కమాండ్) చేస్తా అన్నిటికన్నా చిన్న నంబర్‌ని గుర్తుపెట్టుకునేట్టు రాయండి, రీడింగ్‌కి రీడింగ్‌కి మధ్య ప్రింట్ పెట్టొద్దు, టైమ్ పోతాది. ఒక్కో రీడింగ్‌కి సుమారు 100 మైక్రోసెకన్లు, కాబట్టి ఆ 577 మైక్రోసెకన్ల ఒక్క బరస్ట్‌లో ఐదు దాకా దొరుకుతాయి. 5 వోల్టులకి 1023 లెక్కన 4.0 వోల్టులంటే 818, 3.4 అంటే 696. నాకు మీటర్‌లో 4 చూపిస్తా ఉండగానే ఇక్కడ 660 వచ్చింది. ఆర్డునోకి కూడా అదే సప్లై ఇస్తే కొలిచే గజమే కుంచించుకుపోతాది, పడిపోవడం కనపడదు, అందుకే విడిగా అన్నా.

మందు కెపాసిటర్. సప్లై 1 ఆంపియర్ ఇస్తాదనుకుంటే మిగతా 1 ఆంపియర్ 577 మైక్రోసెకన్ల పాటు కెపాసిటర్ ఇవ్వాల. 0.3 వోల్ట్ కన్నా ఎక్కువ పడకూడదంటే కరెంటుని టైమ్‌తో గుణించి 0.3తో భాగించండి, సుమారు 1900 మైక్రోఫారడ్లు వస్తాది, బజార్లో దొరికేది 2200. తక్కువ ఈఎస్‌ఆర్ (కెపాసిటర్ లోపలి రెసిస్టెన్స్) ఉండేది తీసుకొని మాడ్యూల్ కాళ్ళకి ఆనుకొనే సోల్డర్ చేయండి, వైరు చివర్న పెడితే వైరు రెసిస్టెన్స్ మధ్యలోకి వచ్చేస్తాది. ఎక్కువ పెడితే ఇంకా మంచిది కదా అని 10,000 పెట్టొద్దు, 2200 నిండడానికే 1 ఆంపియర్ సప్లైకి 9 మిల్లీసెకన్లు పడతాది, మొదటి స్పైక్‌ని మనమే పెంచుకున్నట్టు.

కోడ్‌లో కూడా రిలే (కరెంటుతో పనిచేసే స్విచ్), మాడ్యూల్ ఒకేసారి ఆన్ చేయొద్దు, మధ్యలో రెండు సెకన్లు ఇవ్వండి. కరెంటు రాంగానే ఆటో స్టార్టర్లన్నీ ఒక్కసారి లేస్తే ట్రాన్స్‌ఫార్మర్ గతి ఏమయితాదో మనూర్లలో తెలీనోళ్ళు లేరు.

ఈ వారం పని: జంపర్ వైర్లతో ఒకసారి, పొట్టి లావు వైర్లతో ఒకసారి, కెపాసిటర్ పెట్టి ఒకసారి, మూడు చిన్న నంబర్లు రాసిపెట్టుకోండి. 4వ భాగంలో ఈఎస్‌పీ32 (వైఫై ఉండే కంట్రోలర్ బోర్డు) వైఫై ఆన్ అయ్యేటప్పుడు వచ్చే బ్రౌనౌట్ రీసెట్, అంటే వోల్టేజ్ పడిపోయి రీసెట్ అయ్యేది, చూస్తాము, అక్కడ ఇవే నంబర్లతో పోల్చాల.