బ్యాంకుల పనితీరు ముప్పై ఏళ్ల లెక్క తీయడం ఎలా? ఓ మిల్లు గుమాస్తా పద్ధతి

పెనుగొండ దగ్గర ఒక రైసు మిల్లులో ముప్పై నాలుగేళ్లు పద్దులు రాశాను. మొన్న సంక్రాంతికి మనవడు ఎం.కాం. ప్రాజెక్టు పట్టుకొచ్చాడు. "తాతయ్యా, మన దేశంలో బ్యాంకులు మెరుగుపడ్డాయా లేదా తేల్చాలి, ఎక్కడ మొదలుపెట్టను?" అన్నాడు. పండగ మూడు రోజులూ అరుగు మీద లాప్‌టాప్ పెట్టుకుని కూర్చున్నాం. అదేమంత బ్రహ్మవిద్య కాదు, మీరూ చేసుకోవచ్చు.

అంకెలకు డబ్బు పెట్టక్కర్లేదు. రిజర్వు బ్యాంకు ఏటా బ్యాంకుల గణాంక పట్టికలు విడుదల చేస్తుంది, వెబ్‌సైటులో ఎక్సెల్‌లోనే దొరుకుతాయి. వేరే దేశాలతో పోల్చాలంటే ప్రపంచ బ్యాంకు వారి 'గ్లోబల్ ఫైనాన్షియల్ డెవలప్‌మెంట్' డేటాబేస్ ఉంది. అందులో 'సామర్థ్యం' కింద విడిగా ఒక వరసే ఉంటుంది.

ఇక ఏం కొలవాలి? ప్రభుత్వ ధాన్యం ఆడితే క్వింటాలుకు 67 కేజీల పచ్చి బియ్యం అప్పజెప్పాలి. ఆ 67 రాబట్టడానికి కరెంటుకీ కూలీలకీ ఎంతయిందన్నదే మా ఓనరు గారు రోజూ అడిగే ప్రశ్న. బ్యాంకూ అలాంటి మిల్లే. డిపాజిట్లు పోసుకుని అప్పులుగా ఆడిస్తుంది. కాబట్టి జీతాలు, అద్దెలు, కంప్యూటర్లు అన్నీ కలిసిన నిర్వహణ ఖర్చును మొత్తం ఆస్తులతో భాగించండి. ఆస్తులకు ఒక్క మార్చి 31 అంకె తీసుకోకండి. ఆ మార్చిదీ కిందటి మార్చిదీ కలిపి సగం చేయండి, లేకపోతే ఏడాది చివర ఉబ్బిన అంకె మిమ్మల్ని మోసం చేస్తుంది.

ఈ లెక్క వేస్తే 1990లలో వంద రూపాయల ఆస్తికి రెండున్నర రూపాయల చొప్పున ఉన్న ఖర్చు, 2010 నాటికి రెండు లోపుకి దిగడం కనిపిస్తుంది. కంప్యూటర్లు వచ్చాయి. 2000-01లో స్వచ్ఛంద పదవీ విరమణ కింద ప్రభుత్వ బ్యాంకుల నుంచి దాదాపు లక్ష మంది బయటికి వెళ్లారు. కాబట్టి ఈ తగ్గుదల ఉత్తినే వచ్చింది కాదు.

మనవడు మాత్రం ముందు ఉద్యోగికి ఎన్ని కోట్ల వ్యాపారం (డిపాజిట్లూ అప్పులూ కలిపి) అన్న అంకెతో మొదలెట్టాడు. గీత నిట్టనిలువుగా పోతుంటే వాడి మొహం వెలిగిపోయింది. "ఏరా అబ్బాయ్, రూపాయి అక్కడే ఉందా?" అని ధాన్యంలోకి మార్పించాను. సాధారణ రకం మద్దతు ధర 2004-05లో క్వింటాలు 560, 2024-25లో 2,300. ఉద్యోగికి 3 కోట్ల వ్యాపారం 20 కోట్లయిందనుకుందాం. దాదాపు ఏడు రెట్లు! అదే ధాన్యంలో చూస్తే 54 వేల క్వింటాళ్లు 87 వేలయ్యాయి, అంటే ఒకటిన్నర రెట్లకు కాస్త పైన. ప్రాజెక్టులో ధాన్యం అని రాస్తే నవ్వుతారేమో, అక్కడ ధరల సూచీ వాడండి. పైగా ఊళ్లో డబ్బు కట్టించుకునే బ్యాంకు మిత్ర ఉద్యోగుల లెక్కలోకి రాడు, వాడు తెచ్చే వ్యాపారం మాత్రం వస్తుంది. నన్నడిగితే ఈ కొలత తీసి పక్కన పడేయడమే మంచిది.

వడ్డీ మార్జిన్ కూడా తీయండి. వచ్చిన వడ్డీలోంచి కట్టిన వడ్డీ తీసేసి, ఆస్తులతో భాగించడమే. కానీ పాత ఏళ్ల దగ్గర తొందరపడి తీర్పు చెప్పకండి. 1990ల మొదట్లో డిపాజిట్లలో 38.5 శాతం ఎస్‌ఎల్‌ఆర్‌కీ (ప్రభుత్వ బాండ్ల లాంటి వాటిలో తప్పనిసరిగా పెట్టాల్సిన వాటా), 15 శాతం దాకా సీఆర్‌ఆర్‌కీ (రిజర్వు బ్యాంకు దగ్గర నగదుగా ఉంచాల్సిన వాటా) పోయేది. సగానికి పైగా ధాన్యం మిల్లుకు చేరకముందే ఎవరో తోలుకుపోయినట్టు! రెండు లక్షలు దాటిన అప్పుల మీద వడ్డీని బ్యాంకులకే వదిలేసింది 1994లో. అంతకుముందు మార్జిన్‌లో బ్యాంకు గొప్పా లేదు, తప్పూ లేదు.

విలీనాల దగ్గర మేమూ బోల్తా పడ్డాం. ఆంధ్రా బ్యాంకు 2020 ఏప్రిల్ 1న కార్పొరేషన్ బ్యాంకుతో పాటు యూనియన్ బ్యాంకులో కలిసింది. మనవడు కలవకముందు యూనియన్ బ్యాంకునీ కలిశాక యూనియన్ బ్యాంకునీ ఒకే గీతలో పెట్టేశాడు. 2020కి ముందు ఏళ్లకు మూడింటి అంకెలూ కూడి, అప్పుడు భాగించాలి. అనుబంధ బ్యాంకులు వచ్చి కలిసిన స్టేట్ బ్యాంకుకు 2017 దగ్గర ఇదే తంటా.

మొండి బాకీల వరస పక్కన లేకుండా పైవేవీ నమ్మకండి. స్థూల నిరర్థక ఆస్తులు, అంటే ఇచ్చిన అప్పుల్లో మొండి బాకీల వాటా, 2018 మార్చిలో 11 శాతం దాటి, 2024 మార్చికి 3 శాతం లోపుకు వచ్చాయి. సంతోషమే. కానీ ముక్కిన ధాన్యాన్ని స్టాకు రిజిస్టరులో కొట్టేసినా మిగిలిందంతా మేలురకంగానే కనిపిస్తుంది. ఏ ఏడు ఎంత రద్దు చేశారో, ఎంత వసూలైందో వేరే వరసలో రాసుకోండి. 2016-17 నుంచి ఐదేళ్లలో ప్రభుత్వ బ్యాంకుల్లోకి 3 లక్షల కోట్లకు పైగా మూలధనం పోశారు, అది కూడా ఆ పక్కనే రాయండి.

ఇక ఏ పట్టికలోనూ దొరకనిది ఒకటుంది. ఉద్యోగంలో చేరిన కొత్తలో కాకినాడకు డ్రాఫ్టు తీయాలంటే ఇత్తడి టోకెను చేతిలో పట్టుకుని బ్యాంకులో సగం పూట నిలబడేవాణ్ణి. టోకెను అంచు అరిగిపోయి అంకె కనపడేది కాదు. ఒకసారి 17 అని పిలిస్తే 11 అనుకుని కూర్చుండిపోయాను, భోజనాల వేళయి కౌంటరు మూసేశారు. ఆ రోజు కూలి మిల్లు ఖాతాలో పడింది, బ్యాంకు ఖర్చులో కాదు. ఇప్పుడు మా కోడలు పాలబ్బాయికి ఫోన్లో డబ్బులు పంపడానికి పట్టే సమయం మీకూ తెలుసు.

అందుకే మా పట్టికలో చివర 'ఖాతాదారు నిలబడ్డ గంటలు' అని ఒక వరస గీయించాను. గడులన్నీ ఖాళీ. గైడు గారు ఇదేమిటని అడిగారట. తీసేయమంటే తీసేద్దువు గానీ, ముందు ఆయన్ని కూడా డ్రాఫ్టు ఎప్పుడైనా తీశారేమో అడగమన్నాను.