డ్రాగ్ ఇంజిన్ వేడెక్కుతోందా? రేడియేటర్ మార్చేముందు మౌంట్లు చూడండి

డ్రాగ్ బండి (నిలబడ్డ చోటు నుంచి తిన్నగా కొద్ది దూరం దూసుకెళ్ళే రేసు బండి) వేడెక్కుతోంది అనగానే అందరం చేసే మొదటి పని పెద్ద రేడియేటర్ కొనడం. నేనూ అదే చేశా, డబ్బులు పోయాయి గానీ వేడి తగ్గలేదు, ఎందుకంటే అసలు తేడా ఇంజిన్ కూర్చున్న చోట, అంటే దాన్ని బండి ఫ్రేమ్‌కి పట్టి ఉంచే మౌంట్లలో ఉంది. లాంచ్‌లో (రేసు మొదట్లో బండి దూకే క్షణంలో) ఇంజిన్ కదిలితే దాంతోపాటు హోస్‌లు, ఫ్యాన్, బెల్టు, వైర్లు అన్నీ కదుల్తాయి, అందుకే ముందు మౌంట్ల సంగతి, తర్వాతే నీళ్ళ సంగతి.

లాంచ్‌లో ధడ్‌మని శబ్దం, ఫ్యాన్ రేడియేటర్‌కి గీసుకున్న గుర్తులు, పై హోస్ ఊడిపోవడం

రబ్బర్ మౌంట్ చిరిగిపోయి ఉంటుంది. వెనక చక్రాలతో నడిచే బండ్లలో ఎక్కువ శాతం ఇంజిన్లు ముందు నుంచి చూస్తే గడియారం ముల్లు దిశలో తిరుగుతాయి, దానికి ఎదురు టార్క్ (మెలిపెట్టే బలం) బ్లాక్ మీద, అంటే ఇంజిన్ ఒంటి మీద పడి కారు ఎడమ వైపు ఇంజిన్ పైకి లేస్తుంది, అందుకే ఎడమ మౌంట్ ముందు పోతుంది. చక్రాలకి అడ్డం పెట్టి, బ్రేక్ గట్టిగా తొక్కి, గేర్‌లో వేసి కొంచెం యాక్సిలరేటర్ ఇవ్వండి, పక్కన నిలబడ్డ మనిషికి ఎంత లేస్తోందో కనిపిస్తుంది (బండి ముందూ వెనకా మాత్రం ఎవరూ ఉండకూడదు). దీన్ని లైట్ తీసుకోవద్దు, లేచిన ఇంజిన్ త్రాటిల్ లింకేజ్‌ని (యాక్సిలరేటర్ పెడల్‌ని ఇంజిన్‌కి కలిపే రాడ్లని) లాగితే యాక్సిలరేటర్ తెరుచుకునే ఉండిపోవచ్చు. 1971లో జనరల్ మోటార్స్ ఈ మౌంట్ల గొడవ మీదే సుమారు 67 లక్షల షెవర్లే బండ్లని రీకాల్ చేసింది, అవేమీ రేసు బండ్లు కావు, మామూలు రోడ్డు బండ్లు.

ఫిక్స్ ఏంటంటే, రోడ్డు మీద కూడా తిరిగే బండికి పాలియురేతేన్ (రబ్బర్ కన్నా గట్టి ప్లాస్టిక్) మౌంట్లు చాలు. ట్రాక్ బండికి మౌంట్ల బదులు ఇంజిన్‌ని ఫ్రేమ్‌కి బిగించే లోహపు పలకలు పెట్టాలి: ముందు మోటార్ ప్లేట్, ఇంజిన్‌కీ గేర్‌బాక్స్‌కీ మధ్య మిడ్ ప్లేట్. మిడ్ ప్లేట్ వేయకుండా ముందు ప్లేట్ ఒక్కటే వేస్తే అది ముందుకీ వెనక్కీ వంగుతుంది, అప్పుడు ఆ కదలికని ఆపే లిమిటర్ రాడ్ తప్పనిసరి.

ప్లేట్లు వేశాక మొదలైన కొత్త తలనొప్పులు

బెల్టు ఊడిపోతోందా? మోటార్ ప్లేట్ బ్లాక్‌కీ వాటర్ పంప్‌కీ మధ్య కూర్చుంటుంది, అది పావు అంగుళం మందం అయితే పంప్ కూడా అంత ముందుకొస్తుంది, క్రాంక్ పుల్లీ (ఇంజిన్ షాఫ్ట్ మీద బెల్టుని తిప్పే చక్రం) మాత్రం ఉన్నచోటే ఉంటుంది. పుల్లీకి స్పేసర్ వేయండి, లేదా ఎలక్ట్రిక్ పంప్‌కి మారిపోతే ఈ గోలే ఉండదు. ప్లేట్ దగ్గర నీళ్ళు కారుతుంటే ఎవరో గ్యాస్కెట్ ఒకవైపే వేశారు, రెండు వైపులా ఉండాలి.

మిడ్ ప్లేట్ వేశాక ఆటోమేటిక్ గేర్‌బాక్స్ పంప్ పోయిందంటే కన్వర్టర్ (ఆటోమేటిక్‌లో క్లచ్ పని చేసే భాగం) గ్యాప్ కొలవలేదన్నమాట. కన్వర్టర్‌ని గేర్‌బాక్స్‌లోకి పూర్తిగా నెట్టి ఫ్లెక్స్‌ప్లేట్‌కి (కన్వర్టర్‌ని ఇంజిన్‌కి కలిపే పలక) ఉన్న గ్యాప్ చూడండి, సాధారణంగా 1/8 నుంచి 3/16 అంగుళం ఉండాలి, ఎక్కువుంటే బోల్టుల దగ్గర స్పేసర్లు పడాలి. స్టార్టర్ పళ్ళు ఎంత లోపలికి పడుతున్నాయో కూడా అప్పుడే చూసేయండి.

గేర్‌బాక్స్ చెవి (బోల్టు పట్టే కొస) పగిలితే మాత్రం అన్నీ సాలిడ్‌గా బిగించేశారని అర్థం. ఛాసిస్ మెలితిరుగుతుంది, ఎక్కడో ఒకచోట సాగాలి కదా, గేర్‌బాక్స్ మౌంట్ పాలియురేతేన్‌ది పెట్టండి. రేడియేటర్ సీమ్ పగలడానికీ ఇదే కారణం, దాన్ని రబ్బర్ కుషన్ల మీద కూర్చోబెట్టాలి.

రన్‌లో బాగానే ఉంది, తన వంతు కోసం లైన్‌లో నిలబడితే వేడెక్కుతోంది

ఎక్కువమందికి ఉండే కంప్లైంట్ ఇదే. 15 లీటర్ల నీళ్ళు 10 డిగ్రీలు వేడెక్కాలంటే దగ్గర దగ్గర 630 కిలోజౌల్స్ కావాలి, అంటే 10 సెకన్ల రన్‌లో వచ్చే వేడిలో చాలా భాగం నీళ్ళే మింగేస్తాయి, రేడియేటర్‌కి అసలు పని పడేది నిలబడి ఉన్నప్పుడు. అప్పుడు గాలి ఇచ్చేది ఫ్యాన్ ఒక్కటే. కాగితం ముక్క రేడియేటర్ కోర్ (గాలి దూరే జల్లెడ భాగం) ముందు పెట్టి చూడండి, అతుక్కోకుండా ఎగిరిపోతే వైర్లు తిరగేసి ఫ్యాన్ ఉల్టా తిరుగుతోంది (నవ్వకండి, చాలామంది చేస్తారు). ష్రౌడ్ (ఫ్యాన్ గాలిని కోర్ అంతటికీ మళ్ళించే తొడుగు) లేకపోతే ఫ్యాన్ తన ఎదురుగా ఉన్న ముక్కలోంచే గాలి లాగుతుంది, మిగతా కోర్ ఖాళీ.

ఇవి రెండూ బాగుంటే వోల్టేజ్ చూడాలి. ఆల్టర్నేటర్ లేని బండిలో బ్యాటరీ దిగేకొద్దీ పంపూ ఫ్యానూ నెమ్మదిస్తాయి. అన్నీ ఆన్‌లో ఉంచి, బ్యాటరీ దగ్గర కాదు, పంప్ కనెక్టర్ దగ్గర కొలవండి, బ్యాటరీ దగ్గరి వోల్టేజ్‌తో పోలిస్తే ఒక వోల్ట్ కంటే ఎక్కువ తేడా ఉంటే వైరు సన్నం, లేదా రిలే, లేదా ఎర్త్. ఫ్యాన్ స్విచ్ వేసిన క్షణంలోనే గేజ్ ముల్లు గెంతిందంటే అది వేడి కాదు, ఇంజిన్ ఎర్త్ స్ట్రాప్ (ఇంజిన్‌ని ఎర్త్‌కి కలిపే తీగ) సరిగా లేదు, నీళ్ళు అంత స్పీడ్‌గా వేడెక్కవు కదా.

రన్ చివర్లో ఓవర్‌ఫ్లో డబ్బాలోకి నీళ్ళు కక్కుతోంది

ముందు ఇంజిన్ పూర్తిగా చల్లారాక రేడియేటర్ మూత టెస్ట్ చేయించండి, ఒక్కో పీఎస్ఐ ప్రెషర్‌కి నీళ్ళు మరిగే పాయింట్ ఒకటిన్నర డిగ్రీ పైనే పెరుగుతుంది, స్ప్రింగ్ వదులైన మూత ఆ లాభమంతా పోగొడుతుంది. తర్వాత లోపల ఇరుక్కున్న గాలి తీయాలి. బండి ముక్కు పైకెత్తి, సిస్టంలో అన్నిటికన్నా ఎత్తైన చోట నుంచి నీళ్ళు పోయండి. రేస్ చేసినప్పుడు కింది హోస్ చప్పగా నొక్కుకుపోతుంటే లోపల స్ప్రింగ్ పెట్టండి. ఇవన్నీ అయ్యాక కూడా మూత దగ్గర ఆగకుండా బుడగలొస్తున్నాయంటే హెడ్ గ్యాస్కెట్టే, నీళ్ళలోకి పొగ గ్యాస్ వస్తోందేమో నీలం ద్రవంతో చూసే టెస్ట్‌లో రంగు పసుపులోకి తిరిగితే ఇక డౌట్ లేదు.

థర్మోస్టాట్ (నీళ్ళ వేడిని బట్టి తెరుచుకునే వాల్వ్) తీసేస్తే నీళ్ళు మరీ స్పీడ్‌గా పోయి చల్లబడవు అంటారు, నమ్మకండి. దాని బదులు పెట్టే రెస్ట్రిక్టర్ (చిన్న రంధ్రమున్న బిళ్ళ) పనిచేసేది నీళ్ళని ఆపి కాదు, బ్లాక్‌లో ప్రెషర్ పెంచి ఎగ్జాస్ట్ వాల్వ్ చుట్టూ ఆవిరి పట్టకుండా చేసి.

గ్లైకాల్ కూలెంట్ ట్రాక్ మీద పడితే టైర్‌కి పట్టుండదు, చాలా ట్రాకులు దాన్ని రానివ్వవు, కాబట్టి నీళ్ళు, తుప్పు పట్టకుండా కలిపే ఇన్హిబిటర్ మందు, అంతే. ఎన్‌హెచ్‌ఆర్‌ఏ (అమెరికా డ్రాగ్ రేసింగ్ సంస్థ) రూల్స్ ప్రకారం ఓవర్‌ఫ్లో డబ్బా కనీసం 16 ఔన్సులు పట్టాలి.

ఆయిల్ పాలలా తెల్లగా అయింది

పెట్రోల్ బండి అయితే గ్యాస్కెట్ అనుమానించాల్సిందే. మెథనాల్ బండి అయితే వెంటనే హెడ్ విప్పకండి, ఆ ఫ్యూయెల్ ఇంజిన్‌ని బాగా చల్లగా ఉంచుతుంది, ఆయిల్‌లోకి దిగిన ఫ్యూయెలూ తేమా ఆవిరి అవ్వవు. సరిగ్గా వేడెక్కాకే రన్ వేయండి, ఆయిల్ త్వరత్వరగా మార్చండి, నీళ్ళ లెవెల్ మాత్రం రోజూ గీత పెట్టుకుని చూడండి, అది తగ్గితే అప్పుడు విప్పొచ్చు.